రూపాయికని పిన్ కొడితే నెలనెలా 399 పోతోంది, గమ్మునుండమంటారా?

ప్రశ్న:

అక్కా, నమస్కారం. మాది కావలి దగ్గర పల్లె. ఇంట్లోనే మిషన్ కుడతాను. డ్వాక్రా గ్రూపుకు లీడర్‌ని కూడా. బడులు తెరిచే ముందు మా పాపకు ఇంగ్లీషు మాట్లాడటం వస్తుందని ఫోన్‌లో ఒక యాప్ వేశాను. వీడియో చూస్తుంటే మధ్యలో తెలుగులోనే ప్రకటన వచ్చింది, ఒక్క రూపాయికే వారం రోజులని. రూపాయే కదా అని పిన్ కొట్టాను. పాప రెండు రోజులు చూసి వదిలేసింది, నేను యాప్ తీసేశాను. మొన్న గ్రూపు కంతు కట్టడానికి బ్యాంకుకు పోతే ఖాతాలో డబ్బు చాల్లేదు. పాస్‌బుక్ వేయించి చూస్తే నెలకు 399 లెక్కన నాలుగుసార్లు పోయింది, మొత్తం 1,596 రూపాయలు. బ్యాంకులో అడిగితే మీరే పర్మిషన్ ఇచ్చారు, మాకేం సంబంధం లేదన్నారు. మా ఆయన "చూసుకోకుండా నొక్కడం నీ తప్పు, నలుగురికీ చెబితే నవ్వుతారు, గమ్మునుండు" అంటున్నాడు. ఫోన్‌లో యూపీఐ కూడా తీసేయమంటున్నాడు. గ్రూపులో కదిలిస్తే ఇంకో ఇద్దరికి కూడా ఇలాగే పోతోందని తెలిసింది. ఒకామెకు జాతకాల యాప్‌లో, ఇంకొకామెకు సీరియళ్ళ యాప్‌లో. పదహారు వందల కోసం కోర్టుల చుట్టూ తిరగాలా? తప్పు నాదైనప్పుడు అడిగే హక్కు నాకుంటుందా?

సమాధానం:

చెల్లెమ్మా, అడిగే హక్కు మీకుంది. ఎందుకుందో చెబుతాను. కానీ ముందు ఐదోసారి డబ్బు పోకుండా ఆపండి. ఈ జవాబు చదవడం మధ్యలో ఆపైనా సరే ఆ పని చేయండి.

యాప్ తీసేస్తే అయిపోయిందనుకున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఆ రోజు మీరు పిన్ కొట్టింది రూపాయి కట్టడానికే అయినా, దాంతోపాటు నెలనెలా నా ఖాతాలోంచి తీసుకోండి అనే ఆటోపే అనుమతి కూడా వెళ్ళిపోయింది. ఆ అనుమతి యాప్‌లో ఉండదు, మీ బ్యాంకు ఖాతా మీద నమోదై ఉంటుంది. యాప్ చెరిపేసినా, ఫోన్ మార్చినా అది కదలదు. మీరు ఏ యూపీఐ యాప్‌లో పిన్ కొట్టారో దాన్ని తెరవండి. ఫోన్‌పే కావచ్చు, గూగుల్‌పే కావచ్చు, పేటీఎం కావచ్చు. పైన మీ ప్రొఫైల్ బొమ్మ మీద నొక్కి కిందికి జరిపితే ఆటోపే అనో, మాండేట్స్ అనో ఒక చోట కనిపిస్తుంది. అందులో ఎవరికి అనుమతి ఇచ్చారో, ఎంత వరకు తీసుకోవచ్చో, ఎన్నాళ్ళకొకసారో, ఏ తేదీ దాకానో అన్నీ ఉంటాయి. ఆ పేజీని ముందు స్క్రీన్‌షాట్ తీయండి, తర్వాతే క్యాన్సిల్ నొక్కండి. ఇది మరిచిపోవద్దు. రద్దు చేశాక ఆ వివరాలు మళ్ళీ దొరకబుచ్చుకోవడం కష్టమవుతుంది, రేపు ఫిర్యాదుకు అవే ఆధారం. పక్కనే పాజ్ అని కూడా ఉంటుంది, దాన్ని నొక్కితే తాత్కాలికంగా ఆగుతుందంతే. మీకు కావలసింది రద్దు. రద్దు చేసేటప్పుడు కూడా పిన్ అడుగుతుంది, కంగారు పడకండి, అది రద్దుకే.

అక్కడ మీరు వేసుకున్న యాప్ పేరు కాకుండా వేరే కంపెనీ పేరు కనిపించవచ్చు. పాస్‌బుక్‌లో కూడా అంతే, మధ్యలో డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ పేరు పడుతుంది. 399 అనే మొత్తాన్నీ, తేదీనీ పట్టుకుని పోల్చుకోండి. ఎంత వెతికినా దొరకకపోతే బ్యాంకుకే వెళ్ళి, ఫలానా వారికి ఇచ్చిన ఆటోపే అనుమతి రద్దు చేయండని కాగితం మీద రాసిచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. అనుమతిని ఎప్పుడు కావాలంటే అప్పుడు వెనక్కి తీసుకునే వీలు ఖాతాదారుకు ఉండాలని రిజర్వు బ్యాంకు నియమమే చెబుతోంది. కాబట్టి "మాకేం సంబంధం లేదు" అన్న మాట సరికాదు.

ఇంకో జాగ్రత్త ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే చాలామంది రెండోసారి మునిగేది ఇక్కడే. డబ్బు పోయిందన్న టెన్షన్‌లో గూగుల్‌లో ఆ కంపెనీ కస్టమర్ కేర్ నంబరు వెతక్కండి. అలా కనిపించే నంబర్లలో దొంగ నంబర్లు చాలా ఉంటాయి. ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడి, రిఫండ్ పంపుతాం, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి అంటారు, లేదా మీ ఫోన్ తెర వాళ్ళకు కనిపించే యాప్ ఒకటి వేసుకోమంటారు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. ఎవరైనా పిన్ కొట్టమన్నారంటే మన డబ్బు తీసుకోవడానికే. అలాంటి వాళ్ళ చేతిలో డబ్బు పోతే వెంటనే చేయాల్సిన నంబరు 1930, అది సైబర్ నేరాలకు. మీకు జరిగింది ఆ కోవలోకి రాదు, దానికి దారి వేరు.

ఇక మీ ఆయన అన్న మాటకు వద్దాం. చూసుకోకుండా నొక్కావు అంటున్నారు. మీరు నొక్కిన ఆ తెరను ఒకసారి గుర్తు చేసుకుని చూద్దాం. ఇలాంటి యాప్‌లన్నీ ఇంచుమించు ఒకే పద్ధతిలో ఉంటాయి. తెర మధ్యలో పెద్ద అంకెల్లో రూపాయి. దాని కింద మెరిసే రంగులో వెడల్పాటి బటన్, మొదలుపెట్టండి అని. ఆ బటన్ కింద, లేత బూడిద రంగులో, చత్వారం ఉన్నవాళ్ళకు కనబడనంత చిన్న అక్షరాల్లో ఇంగ్లీషులో ఒక వాక్యం: వారం తర్వాత నెలకు 399, ఎప్పుడైనా రద్దు చేసుకోవచ్చు. మూసేయడానికి మూలన ఒక ఇంటూ గుర్తు ఉండాలి, అది రెండు మూడు సెకన్లు ఆగి గానీ కనిపించదు. పక్కన గడియారం తిరుగుతుంటుంది, ఆఫర్ ఇంకో పది నిమిషాలే అని. ఈ లోపల పిల్ల పక్కన కూర్చుని "అమ్మా తొందరగా నొక్కు" అంటుంటుంది. బటన్ నొక్కగానే యూపీఐ పేజీ. అక్కడ ఒక మూల ఆటోపే అని ఇంగ్లీషులో, గరిష్ఠంగా ఇంత అని ఒక అంకె. మీ కళ్ళు వెతికేది రూపాయిని. రూపాయి కనిపించింది, పిన్ కొట్టారు.

ఏ అక్షరం ఎంత ఉండాలి, ఏ రంగు వేస్తే కన్ను ఎటు పోతుంది, ఏ బటన్ ఎక్కడ పెడితే ఎక్కువమంది నొక్కుతారు అనేవి జీతాలిచ్చి మనుషులను పెట్టి రకరకాలుగా పరీక్షించి మరీ ఖాయం చేసే విషయాలు. ఒకవైపు అంత కసరత్తు ఉంది. ఇంకోవైపు జాకెట్టుకు హెమ్మింగ్ చేస్తూ, పొయ్యి మీద అన్నం చూసుకుంటూ ఫోన్ పట్టుకున్న మీరున్నారు. దీన్ని అజాగ్రత్త అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. అంగట్లో రూపాయిచ్చి మామిడి ముక్క రుచి చూసినందుకు నెలనెలా ఒక బుట్ట ఇంటిముందు దించి డబ్బు పట్టుకుపోతుంటే, ముక్క ఎందుకు తిన్నావని తినినవాళ్ళను ఎవరూ తిట్టరు. ఫోన్‌లో జరిగేసరికి మాత్రం మనమే మనల్ని తిట్టుకుంటున్నాం.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం అనుకోకండి, దేశంలో దీని మీద నియమాలు ఉన్నాయి. వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద 2023 నవంబరు 30న మార్గదర్శకాలు తెచ్చారు. జనాన్ని తికమక పెట్టి తమకు కావలసినట్టు నొక్కించుకునే ఇలాంటి పద్ధతులను డార్క్ ప్యాటర్న్స్ అంటారు. వాటిలో 13 రకాలను ఆ మార్గదర్శకాలు పేరు పెట్టి నిషేధించాయి. సమయం అయిపోతోందని ఉత్తుత్తి తొందర పెట్టడం అందులో ఒకటి. మీకు జరిగిన దానికి బాగా సరిపోయేది సబ్‌స్క్రిప్షన్ ట్రాప్. చేరడం ఒక్క నొక్కులో, బయటికి రావడం మాత్రం చుట్టుతిరుగుడుగా పెట్టడం, రద్దు చేసే వీలును దాచేయడం, ఉచితంగా చూడటానికి కూడా ఆటోమేటిక్‌గా డబ్బు తీసుకునే అనుమతి ఇచ్చి తీరాలనడం, ఇవన్నీ దాని కిందికే వస్తాయి. మేం ఉచితం అనలేదు, రూపాయి తీసుకున్నాం కదా అని కంపెనీవాళ్ళు వాదించవచ్చు. ఆ రూపాయి పెట్టడంలో ఉద్దేశం కూడా అదే అయ్యుంటుందని నా అనుమానం. అయినా షరతును కనబడనీయకుండా చేయడం, రద్దును దాచడం అనే రెండూ మిగిలే ఉంటాయి. వాటిని గట్టిగా పట్టుకోండి.

బ్యాంకు వైపు కూడా ఒక ప్రశ్న ఉంది. ఆటోపేలో 15,000 రూపాయల లోపు అయితే ప్రతిసారీ పిన్ అడగరు, అందుకే మీకు తెలియకుండా నాలుగుసార్లు పోయింది. కానీ డబ్బు తీసే ముందు కనీసం 24 గంటలకు ముందే ఖాతాదారుకు సమాచారం పంపాలని రిజర్వు బ్యాంకు నియమం. మీ ఫోన్‌లో పాత మెసేజ్‌లు, యూపీఐ యాప్‌లోని నోటిఫికేషన్లు వెతకండి. వచ్చి ఉంటే, ఆఫర్ల మెసేజ్‌ల కుప్పలో ఇంగ్లీషులో పడి ఉంటుంది. రాకపోయి ఉంటే బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రాయవచ్చు. పైసా ఖర్చు లేదు. 14448కి ఫోన్ చేస్తే ఎలాగో చెబుతారు.

కంపెనీ విషయంలో మొదటి మెట్టు వాళ్ళకే రాయడం. యాప్ పేజీలో కింద ఈమెయిల్ ఉంటుంది. మీకు ఇంగ్లీషు రాదని ఆగకండి, తెలుగులోనే రాయండి. ఇంత రాస్తే చాలు:

"రూపాయికి వారం రోజులు అని తెలుగు ప్రకటనలో పెద్దగా చూపించారు. నెలకు 399 రూపాయల షరతు కనబడేలా, నాకు అర్థమయ్యే భాషలో చెప్పలేదు. ఫలానా తేదీ తర్వాత మీ సేవ వాడలేదు, యాప్ కూడా తీసేశాను. ఫలానా నాలుగు తేదీల్లో నా ఖాతాలోంచి తీసిన 1,596 రూపాయలు 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి. లేకపోతే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేస్తాను."

దానికి స్క్రీన్‌షాట్, పాస్‌బుక్ పేజీ ఫోటో జత చేయండి. వీలైతే ఆ ప్రకటన మళ్ళీ వచ్చినప్పుడు దాన్ని కూడా రికార్డు చేసుకోండి. ఇలాంటివి ఒకసారి చూసినవాళ్ళకు పదేపదే వస్తూనే ఉంటాయి.

అదే రోజు 1915కు ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫిర్యాదుకు ఒక నంబరు ఇచ్చి కంపెనీకి పంపుతారు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేదు, ఇద్దరి మధ్య రాజీ చేయడం వరకే. అయితే ఇంత చిన్న మొత్తానికి గొడవ ఎందుకని కంపెనీ ఇక్కడే తిరిగి ఇచ్చేసే అవకాశం ఉంది. అంతా వస్తుందని నేను మాటివ్వలేను. వాళ్ళు ఆఖరి నెల 399 ఒక్కటీ ఇచ్చి సరిపెట్టబోతే మాత్రం ఒప్పుకోకండి, మిగతా మూడింటికీ కారణం రాసివ్వమనండి.

అప్పటికీ కాకపోతే వినియోగదారుల కమిషన్, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తీర్పు చెప్పే కోర్టు లాంటిది. కోర్టుల చుట్టూ తిరగాలా అని భయపడ్డారు కాబట్టి చెబుతున్నాను. పాత చట్టంలో అయితే కంపెనీ ఎక్కడ వ్యాపారం చేస్తుందో అక్కడో, గొడవ ఎక్కడ పుట్టిందో అక్కడో కేసు వేయాలి. కంపెనీ బెంగళూరులో ఉందంటే మనవాళ్ళు అక్కడే నీరుగారిపోయేవాళ్ళు. 2019 చట్టం వచ్చాక మీరు ఎక్కడ నివాసం ఉంటే అక్కడే వేయవచ్చు. అంటే నెల్లూరు జిల్లా కమిషన్‌లో. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. వకీలును పెట్టుకోవాలని కూడా లేదు, మీ మాట మీరే చెప్పుకోవచ్చు. ఇ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనే దాఖలు చేయవచ్చు. జరిగిన రెండేళ్ళ లోపు వేయాలి, మీకు ఇంకా బోలెడు సమయం ఉంది. పోయిన డబ్బుతో పాటు పడిన ఇబ్బందికి పరిహారం కూడా అడగవచ్చు. వస్తువును ల్యాబ్‌లో పరీక్షించే అవసరం లేని కేసులను మూడు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో రాసి ఉంది గానీ, ఆచరణలో అంతకంటే ఎక్కువే పడుతుందని మనసులో పెట్టుకోండి.

పదహారు వందల కోసం ఇంత అవసరమా అంటే, ముందు ఆ పదహారు వందలు ఏమిటో చూడండి. జాకెట్టుకు 250 తీసుకుంటారనుకుంటే ఆరు జాకెట్లు కుట్టిన కూలి. దానివల్లే గ్రూపు కంతు ఆలస్యమయ్యే పరిస్థితి వచ్చింది. మీకు అది చిన్న మొత్తం కాదు. కంపెనీకి కూడా కాదు. మీలాంటి లక్షమంది దగ్గర నెలకు 399 తీసుకుంటే 3 కోట్ల 99 లక్షలు. ఎవరూ అడగనంత చిన్నదిగా ఉండాలి, అందరివీ కలిస్తే మాత్రం పెద్దదవ్వాలి, అలా చూసుకునే ఆ అంకె పెడతారు. ఇంటికి పదివేలు పోతే ఊరంతా పోలీస్ స్టేషన్ ముందు ఉంటుంది. 399 దగ్గర ఎవరికి వాళ్ళు తమ తప్పే అనుకుని లోపల్లోపలే మింగేస్తారు. నలుగురికీ చెబితే నవ్వుతారని మీ ఆయన భయపడ్డారు. మీరు గ్రూపులో చెబితే ఎవరూ నవ్వలేదు, ఇంకో ఇద్దరు బయటికి వచ్చారు. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన మాట అదే అనిపించింది.

ఎందుకంటే మీరు ముగ్గురు అయ్యాక ఇంకో దారి తెరుచుకుంటుంది. దీని గురించి మన జిల్లాలో తెలిసినవాళ్ళు తక్కువ. వినియోగదారుల రక్షణ చట్టంలో 16, 17 సెక్షన్లు జిల్లా కలెక్టర్ గురించి మాట్లాడతాయి. ఒక్కరికి కాకుండా వినియోగదారులందరికీ కలిపి నష్టం చేసే పద్ధతుల మీద ఎవరైనా కలెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వవచ్చు. కలెక్టర్ విచారణ జరిపించి కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు నివేదిక పంపవచ్చు. సోమవారాల్లో నెల్లూరు కలెక్టరేట్‌లో, తిక్కన ప్రాంగణంలో అర్జీలు తీసుకుంటారు కదా, మనవాళ్ళు పొలం గట్ల తగాదాలకూ, పింఛన్లకూ, రోడ్లకూ అక్కడికి వెళతారు. ఇదీ అక్కడ ఇవ్వదగ్గ అర్జీయే. కావలి ఆర్డీవో కార్యాలయం దగ్గరే అయినా, చట్టం పేరు పెట్టి చెప్పింది కలెక్టర్‌ను కాబట్టి నెల్లూరుకే వెళ్ళమంటాను. ముగ్గురూ కలిసి ఒకే కాగితం మీద సంతకాలు పెట్టండి. మూడు యాప్‌లు వేరైనా పద్ధతి ఒకటేనని రాయండి. డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 2023 అనే మాట, 17వ సెక్షన్ అనే మాట అందులో ఉండేలా చూసుకోండి. అర్జీ తీసుకునే ఉద్యోగికి ఇది కొత్తగా అనిపించవచ్చు, ఏ శాఖకు పంపాలో తెలియక సైబర్ పోలీసులకు రాసేయవచ్చు. సీసీపీఏ అని పిలిచే కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు పంపమని మీరే అడగండి.

ఆ సంస్థకు ఎవరి డబ్బు వారికి ఇప్పించడం కంటే పెద్ద అధికారం ఉంది. ఆ పద్ధతినే ఆపమని, అందరికీ డబ్బు తిరిగివ్వమని ఆదేశించగలదు. 2025 ఆగస్టులో, ఫోన్‌లో బైకులు, ఆటోలు బుక్ చేసే ర్యాపిడో కంపెనీకి 10 లక్షల జరిమానా వేసింది. ఐదు నిమిషాల్లో ఆటో రాకపోతే 50 రూపాయలు ఇస్తామని ఆ కంపెనీ ప్రకటనలు ఇచ్చింది. తీరా ఆ 50 రూపాయలు డబ్బు కాదు, కంపెనీ కాయిన్లు. అవి కూడా 50 వరకు అని చిన్నక్షరాల్లో. బైక్ ఎక్కడానికే పనికొస్తాయి, వారం లోపు వాడేయాలి. ఆ ఆఫర్ నమ్మి డబ్బు అందని ప్రతి ఒక్కరికీ 50 రూపాయలు పూర్తిగా ఇవ్వాలని సంస్థ ఆదేశించింది. 50 రూపాయల కోసం కమిషన్‌కు ఎక్కేవాళ్ళు ఎవరుంటారు? ఆ కంపెనీ మీద 1915లో పేరుకుపోయిన ఫిర్యాదులను కూడా ఆ సంస్థ లెక్కలోకి తీసుకుంది. ఎవరో ఎక్కడో విసుగు పడకుండా ఫోన్ చేసి నంబరు తీసుకున్నందుకే అది కుదిరింది. మీ ఫోనూ అలా లెక్కలో పడుతుంది. అందుకే మీ గ్రూపులో ఆ ఇద్దరినీ కూడా విడివిడిగా 1915కు చేయమనండి, మీరొక్కరు ముగ్గురి తరఫునా చేస్తే ఒక్క ఫిర్యాదుగానే నమోదవుతుంది.

మన జిల్లా ఆడవాళ్ళకు ఇది కొత్త కూడా కాదు. మీకు దగ్గర్లోనే కలిగిరి మండలం దూబగుంట ఉంది. తొంభైల మొదట్లో అక్కడి ఆడవాళ్ళు రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, కూలి డబ్బు సారా అంగడికి ఎలా పోతోందో మాట్లాడుకుని, అంగడి మూయించారు. అది జిల్లా అంతా పాకింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అప్పుడు కూడా మొగుణ్ణి అదుపులో పెట్టుకోలేకపోవడం నీ తప్పు అని ప్రతి ఇల్లాలికీ విడిగా చెప్పేవాళ్ళు ఉన్నారు. పదిమందీ ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నాక గానీ అది ఇంటి గొడవ కాదని తేలలేదు. సారాతో దీన్ని సమానం చేయడం లేదు, ఆ కన్నీళ్ళు వేరు. కానీ గ్రూపు మీటింగ్‌లో పొదుపు లెక్కలు అయిపోయాక ఈ విషయం కూడా మాట్లాడుకోవచ్చునని ఆ ఊరు గుర్తు చేస్తుంది.

నాకు ఒక విషయం మీద మాత్రం కోపం ఆగదు, అది భాష. మీకు ప్రకటన తెలుగులో వచ్చింది. అందులో మాట్లాడిన మనిషి తెలుగులో, అందులోనూ ఇంటి మనిషిలా మాట్లాడి ఉంటారు. బటన్ మీద తెలుగు. డబ్బు దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఇంగ్లీషు అయిపోయింది. తెలుగులో అమ్మగలిగినవాళ్ళకు షరతు తెలుగులో చెప్పడం చేతకాక కాదు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది, అది దశలవారీగా అమల్లోకి వస్తోంది. మన వివరాలు తీసుకునే ముందు ఇచ్చే నోటీసును ఇంగ్లీషులో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు ఉండాలని ఆ చట్టంలో ఉంది. తెలుగు ఆ షెడ్యూల్‌లో ఉంది. మన ఫోన్ నంబరు తీసుకోవడానికే తెలుగులో అడగాలంటే, మన ఖాతాలోంచి నెలనెలా డబ్బు తీసుకోవడానికి ఇంకెంత స్పష్టంగా అడగాలి? పిన్ కొట్టే పేజీలో "ఇది ఒక్కసారి కట్టేది కాదు, నెలకు 399 పోతుంది" అని రూపాయి అంకె ఉన్నంత సైజులో, ఫోన్ ఏ భాషలో ఉంటే ఆ భాషలో చూపించాలి. మూడు నెలలు ఒక్కసారి కూడా తెరవని యాప్‌కు డబ్బు తీసే ముందు మళ్ళీ అడగాలి. సాంకేతికంగా ఇందులో కష్టమేమీ లేదు. మీరు యాప్ తెరిచారో లేదో వాళ్ళ దగ్గర సెకన్లతో సహా లెక్క ఉంటుంది. కలెక్టర్ అర్జీలో ఈ రెండూ కూడా రాయండి. రాసిన వెంటనే జరగవు, కానీ రాయనిదే ఆ మాట పైకి పోయే దారే లేదు.

మీ ఆయన యూపీఐ తీసేయమంటున్నారని రాశారు. తీసేయకండి. ఆటోపే కూడా చెడ్డదేమీ కాదు. 2020 జులైలో యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ దాన్ని తెచ్చింది కరెంటు బిల్లు, బీమా ప్రీమియం లాంటివి మరిచిపోకుండా కట్టుకోవడానికి. మీ దగ్గర జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు చాలామంది ఫోన్‌తోనే కూలి ఇస్తుంటారు, అది మానేస్తే నష్టం మీకే. ఎవరో చేసిన పనికి మీరు పాత రోజులకు వెళ్ళిపోవడం ఏం న్యాయం? దాని బదులు మీ పేరు మీదే ఇంకో చిన్న ఖాతా తెరిచి, యూపీఐ దానికి కలపండి. రోజువారీ ఖర్చుకు సరిపడా మాత్రమే అందులో ఉంచండి. గ్రూపు కంతు కట్టే ఖాతాను ఫోన్‌కు కలపకండి. యూపీఐ యాప్ సెట్టింగుల్లో భాష తెలుగుకు మార్చుకోండి, ఫోన్‌పే, గూగుల్‌పేలలో ఆ వీలు ఉంది. అన్నీ తెలుగులోకి రావు గానీ చాలావరకు వస్తాయి. పాపకు ఫోన్ ఇచ్చేటప్పుడు యూపీఐ యాప్‌కు లాక్ పెట్టండి.

మీ ఆయనతో వాదన పెట్టుకోకుండా, ఒకసారి ఆయన ఫోన్ తెరిచి ఆటోపే పేజీ చూపించమనండి. ఆయన ఖాతాలో ఏమీ లేకపోతే సంతోషమే. వచ్చే గ్రూపు మీటింగ్‌కు అందరినీ ఫోన్లూ, పాస్‌బుక్కులూ తెమ్మనండి. ఇప్పటికి ఇద్దరే అని తెలిసింది, పాస్‌బుక్ వేయించుకోనివాళ్ళకు తమ సంగతి ఇంకా తెలియకపోవచ్చు.

కంపెనీ నుంచి జవాబు వస్తే దాని నకలు, 1915 ఇచ్చిన నంబరు నాకు పంపండి. కాదన్నారంటే నెల్లూరు కమిషన్‌లో వేయాల్సిన ఫిర్యాదు ఎలా రాయాలో వచ్చే జవాబులో పూర్తిగా రాస్తాను.